సెబాస్టియన్ తెచ్చిన హెడ్‌లైట్లు

ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ఉమామహేశ్వరం చెయ్యి ముందు చొక్కా జేబు మీదికి పోతుంది. అది చెడ్డ మనసు కాదు, అలవాటు. యానాం కనకాలపేటలో అందరికీ తెలిసిన అలవాటే కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు బండికెక్కిస్తుంటే ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి చూస్తాడు, లోపల బోలుగా ఉందేమోనని. బంకులో డీజిల్ పోస్తున్నంతసేపూ పోసేవాడి చేతినీ మీటరునూ మార్చి మార్చి చూస్తాడు. గుడిలో ప్రసాదం పెట్టినా పక్కవాడి దొన్నె వైపు ఒక కన్నేసి గానీ తినడు.

పెళ్ళిచూపుల్లో అన్నపూర్ణను ఒకసారి చూసి ఊరుకున్నాడా అంటే, లేదు. మర్నాడు చెప్పాపెట్టకుండా సైకిలు మీద మెట్టకూరు వెళ్ళి వాళ్ళ వీధిలో అటూ ఇటూ తిరిగాడు. నిన్న చూపించిన పిల్లా, ఇంట్లో ఉన్న పిల్లా ఒకరేనో కాదో తేల్చుకోవాలి కదా. వాకిట్లో నీళ్ళు చల్లుతున్న అన్నపూర్ణ అతన్ని గుర్తుపట్టి నవ్వింది. ఆ నవ్వెందుకా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాడు మహానుభావుడు.

"మా ఆయన నన్ను నచ్చి చేసుకోలేదండి, తనిఖీ చేసి చేసుకున్నారు" అంటుంది అన్నపూర్ణ ఇప్పటికీ, ఎవరు అడిగినా.

ఆయన బతుకుతెరువు ఒక పాత పికప్ బండి. జీపు మూతిలాంటి ముఖం, గుండ్రటి హెడ్‌లైట్లు, వెనక తొట్టెలో ఐసు పెట్టెలు. పొద్దున్నే దరియాలతిప్పకు ఐసు తీసుకెళ్ళి, సాయంత్రం అక్కణ్ణుంచి చేపలూ రొయ్యలూ ఎక్కించుకొస్తాడు. ఆ బండిని ఏ షెడ్డుకూ తీసుకెళ్ళడు. ఎప్పుడో ఒకసారి కాకినాడలో ఒక మెకానిక్కు దగ్గర వదిలేసి వస్తే కొత్త బ్యాటరీ తీసేసి పాతది పెట్టాడని ఆయన నమ్మకం. నిజంగా మారిందో లేదో దేవుడికి ఎరుక. ఆ రోజు నుంచి పానా తనే పట్టాడు. ఆయిలు మార్చడం, బ్రేకులు బిగించడం, వైర్లు అతకడం అన్నీ ఇంటి దగ్గరే. చేతికి మసి అంటితే అన్నపూర్ణ సబ్బు అందిస్తుంది, అంతే సాయం.

ఇంటి దగ్గర అంటే ఇంట్లో కాదు. ఆ సందులో బండి నిలపడానికి చోటే లేదు. ఉమామహేశ్వరం ఇంటికీ, పక్కనున్న జోసెఫిన్ ఇంటికీ మధ్య ఒక ఖాళీ స్థలం ఉంది. దాన్లో బండి ఉంటుంది, టార్పాలిన్ పందిరి కింద సామాన్లుంటాయి. ఆ స్థలం జోసెఫిన్ తమ్ముడు సెబాస్టియన్‌ది. సెబాస్టియన్, ఉమామహేశ్వరం ఒకే బడి, ఒకే బెంచీ, గోదాట్లో ఒకే చోట ఈత నేర్చుకున్నవాళ్ళు. తరవాత సెబాస్టియన్‌కు యానాంను ఫ్రెంచివాళ్ళు ఏలిన నాటి నుంచీ ఫ్రెంచి పాస్‌పోర్టున్న ఇంటి పిల్లతో పెళ్ళయి ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు, అప్పుడే మొదటి బండి కొనుక్కున్న స్నేహితుడితో, "బండి ఇక్కడ పెట్టుకోరా, ఖాళీగానే ఉంటది కదా" అన్నాడు. కాగితం లేదు, అద్దె లేదు. అంత అనుమానపు మనిషీ ఒకడి నోటి మాట మీద ఇన్నేళ్ళు బండి పెట్టుకున్నాడంటే, అతని బతుకులో నమ్మి ఊరుకున్న మాట అదొక్కటే.

నమ్మాడు గానీ, మరిచిపోలేదు. ఆ స్థలం పోతే బండి మెయిన్ రోడ్డు మీద పెట్టాలి. రోడ్డు మీద బండి వదిలి కన్ను మూతపడే మనిషి కాదు ఉమామహేశ్వరం. కన్ను మూయకపోతే తెల్లారి స్టీరింగు పట్టలేడు. కాబట్టి సెబాస్టియన్ సెలవులకు వచ్చినప్పుడల్లా, తిరిగి వెళ్ళేదాకా ఉమామహేశ్వరం రోజులు లెక్కపెట్టుకునేవాడు. అతను వెళ్ళాక గానీ తిన్నది ఒంటబట్టేది కాదు.

ఈసారి సెబాస్టియన్ వచ్చిన తీరే వేరుగా ఉంది. భార్య పోయి ఏడాది దాటింది. పిల్లలు అక్కడే ఉద్యోగాల్లో ఉన్నారు. ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ వచ్చీ రాగానే తిరుగు ప్రయాణం తేదీ చెప్పేవాడు, ఈసారి చెప్పలేదు. పైగా ఒక పెట్టె తెచ్చి ఉమామహేశ్వరం చేతిలో పెట్టాడు.

"ఏంటిరా ఇది?" అన్నాడు ఉమామహేశ్వరం, పెట్టె పుచ్చుకోకుండానే.

"విప్పి చూడు."

చూశాడు. ఒక జత గుండ్రటి ఎల్ఈడీ హెడ్‌లైట్లు. అద్దం తళతళలాడుతోంది, వెనక నల్లటి లోహపు రెక్కలు. సెబాస్టియన్ అక్కడ బండ్ల విడిభాగాల గోడౌన్లో పనిచేస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు స్నేహితుడి బండి దీపాలు మసిబారిన లాంతర్లలా వెలగడం చూసి, కొలత గుర్తుపెట్టుకుని వెళ్ళాడట. బట్టల మధ్య చుట్టి, దార్లో పగలకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట.

"మంచి సరుకురా. మా గోడౌన్లోదే. నువ్వు సాయంత్రాలు ఆ తిప్ప రోడ్డు మీద వత్తావు కదా, నాకు అదే బెంగ."

ఉమామహేశ్వరం పెట్టెను నాలుగు వైపులా తిప్పాడు. అట్ట మీద ఫ్రెంచి అక్షరాలు. సీలు చించి మళ్ళీ అతికించారేమోనని గోరుతో గీరి చూశాడు. ఒక దీపాన్ని ఎండకెత్తి, స్క్రూల మీద పానా పట్టిన గీతలేమైనా ఉన్నాయేమోనని చూశాడు. ఏమీ లేవు. కొత్తవే. కొత్తవి కావడమే అతనికి మరీ అనుమానమైంది. ఇంతకాలం సబ్బులూ సెంటు సీసాలూ తెచ్చినవాడు, ఇంత మంచి వస్తువు ఊరికే ఎందుకు తెచ్చినట్టు?

"ఊరికే ఎవడైనా ఎందుకిత్తాడే" అన్నాడు ఇంట్లో అన్నపూర్ణతో.

"ఊరికే ఇవ్వకపోతే స్నేహమెలా అవుద్దండి?"

"ఇన్నాళ్ళూ లేని స్నేహమా?"

"ఇన్నాళ్ళూ ఆయన స్థలంలో బండెట్టుకున్నది మీరే. స్నేహం లేదంటారేంటి?"

'ఆయన స్థలం' అన్న మాట అతని చెవిలో ఉండిపోయింది.

మర్నాడు ఐసు దింపి ఇంటికి వస్తుండగా సందు మొదట్లోంచే కనబడింది. ఖాళీ స్థలంలో సెబాస్టియన్, పక్కన టేపు పట్టుకున్న ఒక మనిషి. ఈ మూల నుంచి ఆ మూలకు టేపు లాగుతున్నారు. ఉమామహేశ్వరం బండిని వాళ్ళ దగ్గరదాకా తెచ్చి ఆపాడు. బండి దిగి పలకరించబోయేలోగా ఆ మనిషి టేపు పట్టుకుని బండి దగ్గరకే వచ్చాడు. వెడల్పు కొలిచాడు. అద్దాల దగ్గర మళ్ళీ కొలిచాడు. పొడవు కొలిచాడు. సెబాస్టియన్ తల ఊపాడు.

"ఏం కొలుత్తున్నారేంటి?" అన్నాడు ఉమామహేశ్వరం, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

"ఏం లేదురా, తర్వాత చెప్తాను" అని సెబాస్టియన్ నవ్వాడు.

తర్వాత చెప్తాడట. ఉమామహేశ్వరానికి అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. అలా అర్థమైనప్పుడే మనిషి ఆగి ఆలోచించాలి. అతనికి ఆ అలవాటు లేదు. స్థలం అమ్మేస్తున్నాడు. బండిని ఎలా బయటికి పంపాలా అని దాన్నీ కొలిపిస్తున్నాడు. పాత స్నేహితుణ్ణి లేవగొట్టడానికి మొహమాటం అడ్డొస్తోంది కాబట్టి ముందుగా నోట్లో ఈ మిఠాయి ముక్క పెట్టాడు. జోసెఫిన్‌ను అడిగాడు, గోడ మీంచి, మాటల్లో మాటగా. ఆవిడ ముఖం పక్కకు తిప్పేసుకుంది.

"వాడే చెప్తాడులే మహేశ్వరం. నన్నడక్కు" అంది.

దాంతో ఇక అనుమానం కూడా కాదు, ఖాయమే అనుకున్నాడు.

అయినా లైట్లు బిగించాడు. బిగించకపోతే తనకు సంగతి తెలిసిపోయిందని సెబాస్టియన్‌కు తెలిసిపోతుంది, అదొకటి. నిజం చెప్పాలంటే ఆ లైట్లు అతనికి కావాలి, అది రెండోది. దరియాలతిప్ప నుంచి తిరిగొచ్చేటప్పుడు రోడ్డుకు ఎడమ చేతి వైపు కాలువ. మునిమాపు వేళ పాత దీపాలతో అక్కడ అంచు కనబడదు. కళ్ళు చికిలించుకుని, కాలువ గట్టు మీది గడ్డిని బట్టి బండి నడపాల్సి వస్తోంది. వయసు యాభై దాటాక ఆ గడ్డి కూడా సరిగా ఆనడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం పందిరి కింద పని మొదలుపెట్టాడు. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్న సెబాస్టియన్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. బిగించేది చూడటానికా, లేక ఆ స్థలంలో ఉమామహేశ్వరం ఇంకేం సామాను దాచాడో లెక్క చూసుకోడానికా? ఉమామహేశ్వరం బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాడు. లైటు చుట్టూ ఉన్న రింగు తీశాడు. లోపలి స్క్రూలు ఉప్పుగాలికి తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, పెదవి బిగబట్టి తిప్పాడు. పాత దీపం ఊడి చేతికొచ్చింది. దాని వెనక కందిరీగల మట్టిగూడు.

"ఇన్నేళ్ళూ ఇవి కాపురం చేసినియ్యా ఇందులో" అని సెబాస్టియన్ నవ్వాడు.

"వాటికీ ఎవరో ఖాళీగా ఉంటది పెట్టుకోమని చెప్పుంటారు" అన్నాడు ఉమామహేశ్వరం, తల ఎత్తకుండా.

సెబాస్టియన్ అదీ పరాచికమే అనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు. దొంగమనసున్నవాడు ఇలా నవ్వగలడా అని ఉమామహేశ్వరానికి ఒక్క క్షణం సందేహమొచ్చింది. గట్టి దొంగ అయితే నవ్వగలడని సర్దిచెప్పుకున్నాడు.

మూడు కాళ్ళ ప్లగ్గు కొత్త లైటు వెనక ఇట్టే కూర్చుంది. రెండోది కూడా బిగించి, బ్యాటరీ తీగ పెట్టి, స్విచ్చి నొక్కాడు. పట్టపగలే తెల్లటి వెలుగు పందిరంతా పరుచుకుంది. సెబాస్టియన్ లేచి చప్పట్లు కొట్టాడు. టీ తెచ్చిన అన్నపూర్ణ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, "బాబోయ్, కళ్ళు పోతాయండి అన్నయ్యగారూ" అంది సంబరంగా.

సాయంత్రం పొద్దు వాలాక లైట్ల ఎత్తు సరిచేయాలి. బండిని జోసెఫిన్ ప్రహరీగోడ వైపు తిప్పి, గోడ మీద సుద్దతో అడ్డగీత గీసి, లైట్లు వేశాడు. వెలుగు గోడ మీద పడింది. ఎడమ పక్క గీత కిందే సమంగా ఆగింది. కుడి పక్కకు వచ్చేసరికి మెట్టెక్కినట్టు పైకి ఎగసింది. ఉమామహేశ్వరం స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొత్తం వెలుగు కిందికీ పైకీ కదిలింది గానీ ఆ మెట్టు పోలేదు. కుడి లైటు తీసి ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగించాడు. అదే మెట్టు, అదే పక్క.

"ఏంటిరా ఇది, ఎగదన్నింది?"

"అది అంతేరా. మా దగ్గర అన్ని బండ్లకీ అలాగే ఉంటది. అంచు కనబడటానికి అలా చేత్తారు" అన్నాడు సెబాస్టియన్ ధీమాగా.

మరి కనబడాల్సింది కాలువ అంచు కదా, అది ఎడమ పక్క కదా అని ఇద్దర్లో ఒక్కడికీ తట్టలేదు. ఉమామహేశ్వరానికి తట్టింది ఒక్కటే, వీడు సర్దుబాటు మాటలు చెప్తున్నాడని. గోడౌన్లో ఎవరూ కొనని సరుకేదో తెచ్చి అంటగట్టాడనుకున్నాడు.

మర్నాటి సాయంత్రం నుంచి తిట్లు మొదలయ్యాయి. ఎదురొచ్చే ఆటోలవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అమ్మానాన్నలను తలుస్తూ పోయారు. ఒక లారీవాడు తన పెద్ద లైట్లు ముఖాన కొట్టి బదులు తీర్చుకున్నాడు. రొయ్యలు దింపడానికి యానాం దాటి ఆంధ్రాలో అడుగుపెట్టే చోట తనిఖీ దగ్గర కానిస్టేబుల్ కళ్ళు నులుముకుంటూ వచ్చి, "ఏం దాచావురా, మా కళ్ళు మూసి దాటిపోదామనా" అని ప్రతి ఐసు పెట్టెనూ విప్పించాడు. యానాంలో మందు చౌక కాబట్టి యానాం బండి అంటే మందు సీసాలే వాళ్ళకు గుర్తొచ్చేది. రొయ్యల మీద ఐసంతా రోడ్డు పాలయ్యింది. అనుమానించడం తన హక్కు అనుకునే మనిషి తను అనుమానానికి గురైతే ఎలా ఉంటుందో ఆ పూట చూశాడు. చూసి నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు. ఇంటికెళ్ళేదాకా సెబాస్టియన్‌నే తిట్టుకున్నాడు.

ఆ వారంలోనే పెద్ద ముప్పు ఒకటి వెంట్రుకవాసిలో తప్పింది. దరియాలతిప్ప నుంచి వస్తున్నాడు. చీకటి ముసురుకుంటోంది. ముందు రోడ్డు కుడి పక్కంతా పాలు పోసినట్టుంది, ఎడమ పక్క మాత్రం చీకటి గుయ్యారం. ఆ చీకట్లోంచి ఉన్నట్టుండి ఒక చేపల తట్ట, దాని కింద ఒక మనిషి. బ్రేకు తొక్కాడు. బండి అరుస్తూ వాలి, తట్టను రాసుకుంటూ ఆగింది. చేపలు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. కాలువ గట్టు మీద కూలబడిన మనిషి నాగలక్ష్మి, చేపలమ్ముకునే ముసలమ్మ. చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి.

"ఏమయ్యా మహేశ్వరం, నన్ను సంపేద్దామనే? అంత ఎలుతురెట్టుకుని, కళ్ళు కనపళ్ళేదా నీకు?"

ఉమామహేశ్వరం బండి దిగాడు. ఆమెను లేపి, చేపలేరి తట్టలో వేసి, బండిలో ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. పెద్ద దెబ్బ తగల్లేదు, మోచెయ్యి దోక్కుపోయింది అంతే. కానీ దారిపొడుగునా అతని మనసు ఒకే చోట తిరిగింది. తను ఆవిణ్ణి గుద్దితే కేసు. బండి స్టేషన్లో. తను లోపల. స్థలం ఖాళీ. ఇది వీడు కావాలనే చేశాడు. ఆలోచన అంత దూరం పోయింది. అక్కడికి పోయాక ఆ ఆలోచనకే సిగ్గేసి ఆగాలి, ఆగలేదు.

సెబాస్టియన్ జోసెఫిన్ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఎక్కు" అన్నాడు ఉమామహేశ్వరం, బండి ముందు నిలబడి.

"ఎక్కడికిరా?"

"ఎక్కవయ్యా, నీ సరుకు ఎలా పనిచేత్తందో చూద్దువుగాని."

సెబాస్టియన్ చేతులు దులుపుకుని వచ్చి నేరుగా కుడి పక్క తలుపు తీశాడు. తీసి, స్టీరింగును చూసి, తెల్లబోయి నిలబడ్డాడు.

"అది నా సీటు. బండి కూడా కావాలా నీకు?"

సెబాస్టియన్ చుట్టూ తిరిగి అటు పక్క ఎక్కాడు. ఊరు దాటి కాలువ రోడ్డెక్కారు. ఇందాక నాగలక్ష్మి పడిన చోట బండిని మళ్ళీ ఊరి వైపు తిప్పి ఆపి, "చూడు. ఎడం పక్క ఏం కనపడుతుందో చెప్పు. ఇక్కడే ఒక ముసలిదాన్ని చంపబోయాను" అన్నాడు ఉమామహేశ్వరం.

సెబాస్టియన్ ముందుకు వంగి చూశాడు. ఎదురుగా ఒక మోటారు సైకిలు వచ్చింది. వెలుగు ముఖాన పడి దానిమీద మనిషి తల తిప్పుకున్నాడు. సెబాస్టియన్ ఆ బండినీ, అది వెళ్ళిన పక్కనూ, తాము ఆగి ఉన్న పక్కనూ చూశాడు. తరవాత నెమ్మదిగా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరేయ్ ఉమా. ఇక్కడ ఎడం పక్క కదరా."

"ఏంటి ఎడం పక్క?"

"బండ్లు. ఇక్కడ ఎడం పక్కన పోతాయి. మాకు కుడి పక్కన పోతాయి. అందుకని లైటు కుడి అంచు మీద ఎక్కువ పడేలా చేత్తారు. అదిక్కడ ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది. కాలువ పక్క చీకటైపోతుంది." అతను రెండు చేతులూ చాచి చూపించాడు. "రోజూ చేతుల్తో సర్దే సరుకురా. పెట్టెలో పెట్టుకునేటప్పుడు కూడా తట్టలేదు నాకు. మనూళ్ళో ఏ పక్కన పోతామో..."

అని నవ్వబోయాడు. ఆ నవ్వుతో పాటు ఉమామహేశ్వరం కూడా నవ్వి ఉంటే కథ వేరుగా ఉండేది. తప్పు తెలిసింది, తప్పులో కుట్ర లేదనీ తెలిసింది. కానీ ఇన్నాళ్ళుగా లోపల కుక్కుకున్న కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా.

"నీకు గుర్తుండేది ఏంటి, స్థలం కొలతలా?"

"ఏంట్రా?"

"టేపులు పట్టుకుని తిరిగావు. నా బండి కూడా కొలిపించావు. లైట్లిచ్చి నోరు నొక్కేసి, తర్వాత మెల్లిగా ఖాళీ చెయ్యమంటావు. నాకు తెలవదనుకున్నావా? అడిగితే ఆ రోజే తీసేద్దును కదా బండి. ఈ నాటకమెందుకు?" అంటూనే నోరు ఇంకా జారింది. "బండి ఏ పక్కన పోతుందో మర్చిపోయినోడివి, ఈ ఊళ్ళో నీకు స్థలమెందుకురా?"

సెబాస్టియన్ కాలువ వైపు తిరిగాడు. అటు పక్క ఏమీ కనబడటం లేదు. తలుపు తీసుకుని దిగి, ఊరి వైపు నడిచాడు. బండి ఎక్కమని ఉమామహేశ్వరం ఒక్కసారి పిలిచి, వెనక్కి తిరగకపోయేసరికి ఊరుకున్నాడు. పిలిచినంత మాత్రాన ఎక్కేస్తాడా అని తనను తనే సమర్థించుకున్నాడు కూడా.

పొద్దున ఐసుకు వెళ్ళే ముందే ఆ లైట్లు తీసేసి పాతవి పెట్టాడు. రింగు బిగిస్తుంటే గోడ అవతల జోసెఫిన్ గొంతు వినిపించింది.

"ఏమన్నావు మహేశ్వరం మావోణ్ణి?"

"నేనేమన్నానక్కా. ఉన్నదే అన్నాను."

"వాడు ఎల్లిపోతన్నాడు. పొద్దున్నే టిక్కెట్టు కోసం ఫోన్ చేశాడు." ఆవిడ గోడ మీద మోచేతులు ఆనించింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఇక్కడే ఉండిపోదామని వచ్చాడయ్యా. అక్కడి ఇల్లు ఒక్కణ్ణీ తినేత్తందన్నాడు. ఇక్కడ ఇల్లు కట్టుకుని నీ పక్కన పడుంటానన్నాడు. నీకు తనే చెప్పాలని నా నోరు కట్టేశాడు."

"మరి కొలతలు?"

"ఎనకాల రెండు గదులు. ముందు నీ బండికి షెడ్డు. రేకులు కాదు, స్లాబు. దాని గేటు ఎంత ఉండాలో తెలియాలని నీ బండి కొలిపించాడు. నువ్వు అద్దాలు మడవకుండా లోపలికి రావాలంట."

ఉమామహేశ్వరం చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. ఆవిడ చెప్పింది అబద్ధమేమోనని మొదట అనుకున్నాడు, ఎందుకంటే అతనికి ముందు వచ్చే ఆలోచన ఎప్పుడూ అదే. కానీ ఆ రోజు టేపు మనిషి అద్దాల దగ్గర రెండోసారి కొలవడం తన కళ్ళతోనే చూశాడు. సిగ్గు ముంచుకొచ్చింది. అంత సిగ్గు జీవితంలో ఎప్పుడూ పడలేదు. ఐసుకు పోకుండా ఇంట్లోకి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. అన్నపూర్ణ అడిగితే అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"వెళ్ళి అడగండి. ఉండమని అడగండి" అంది ఆమె.

"ఏ ముఖం పెట్టుకుని?"

"ఉన్న ముఖమే పెట్టుకుని."

అడగడానికి రెండు పూటలు పట్టింది. మూడుసార్లు అరుగు దాకా వెళ్ళి, లోపల సెబాస్టియన్ ఫోన్లో ఫ్రెంచిలో మాట్లాడుతుండటం విని వెనక్కొచ్చాడు. చివరికి కారు సందులోకి వచ్చి ఆగాక గానీ కాలు కదల్లేదు. డ్రైవరు సూట్‌కేసులు ఎక్కిస్తున్నాడు. జోసెఫిన్ గుమ్మంలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. సెబాస్టియన్ ఖాళీ స్థలం దగ్గర ఆగి, పందిరి కింద ఉన్న బండిని చూస్తున్నాడు.

ఉమామహేశ్వరం పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

"బండి ఇక్కడే ఉంచుకోరా" అన్నాడు సెబాస్టియన్, స్నేహితుడి వైపు చూడకుండా. "నేను గానీ, నా పిల్లలు గానీ అడగం. అక్కకు చెప్పాను. కాగితం కావాలంటే రాయించి పంపుతాను. నీకు నమ్మకంగా ఉంటది."

కావలసింది దొరికింది. ఇన్నేళ్ళుగా భయపడిన భయం ఒక్క మాటతో తీరిపోయింది. తీరిపోతే ఇలా ఉంటుందని ఉమామహేశ్వరానికి తెలియదు.

"నాకు స్థలం వద్దురా" అన్నాడు. "వద్దు. నువ్వు కట్టుకో. మొత్తం కట్టుకో. నేను రోడ్డు మీద పెట్టుకుంటాను బండి. ఉండిపోరా సెబా."

సెబాస్టియన్ అప్పుడు తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. ముఖమంతా వెతికాడు, కళ్ళల్లోకి చూశాడు, చేతుల్లోకి చూశాడు.

"ఎందుకురా?" అన్నాడు మెల్లగా. "నీకేం కావాలి?"

ఏమీ అక్కర్లేదు. ఉమామహేశ్వరం నోటి దాకా వచ్చిన మాట అదే. ఆ మాట చెప్పినవాళ్ళను తను ఇంతవరకు ఒక్కరినైనా నమ్మాడా? అయినా చెప్పాడు.

"ఏమీ వద్దురా."

సెబాస్టియన్ తల ఊపాడు, అంగట్లో బేరం కుదరక పక్కకు జరిగే మనిషిలా, మర్యాదగా. భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు. కారెక్కి అక్కకు చెయ్యి ఊపాడు. కారు వెనక్కి తీసుకోవడానికి సందులో చోటు చాలక డ్రైవరు ఖాళీ స్థలంలోకి తిప్పుకుని బయటికి వెళ్ళాడు. ఉమామహేశ్వరం అడ్డం లేకుండా పక్కకు జరిగి, అది మెయిన్ రోడ్డెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు.